స్థాపన సాధనాలకు తగిన భాష ఏది?

ఖమ్మం జిల్లాలో, మధిరకు సమీపాన, కాజీపేట–విజయవాడ రైలుమార్గం మీద ఎర్రుపాలెం అనే మండల కేంద్రం ఉన్నది. అటువంటి ఊరి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు పాత కంప్యూటరు ముందు కూర్చున్నాడని ఊహించుకుందాము. యంత్రం మంచిదే, కాని దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టము పాడయినది. ఒక మిత్రుడు పెన్‌డ్రైవులో లినక్సును ఎక్కించి ఇచ్చినాడు. దాన్ని తగిలించి మీట నొక్కగానే వరుసగా ప్రశ్నలు వచ్చినవి. చివరకు ఒక ప్రశ్న దగ్గర ఆయన చెయ్యి ఆగినది: ఈ డిస్కు మీద ఉన్నదంతా తుడిచివేయవలెనా? ఆ డిస్కులో నాలుగేండ్ల ప్రశ్నపత్రాలు, పిల్లల మార్కుల పట్టికలు ఉన్నవి.

ఇక్కడ రెండు సందేహాలు కలుగుతవి. మొదటిది, ఆ ప్రశ్న ఆయన చదివి అర్థం చేసుకోగల భాషలో ఉన్నదా? రెండవది, ఆయన ఒక భాగాన్ని మాత్రమే తుడవమంటే యంత్రం ఆ భాగాన్నే తుడిచి ఊరుకుంటుందా? ఈ రెండూ ఆ స్థాపన సాధనాన్ని వ్రాసినవారు ఎన్నుకొన్న పద్ధతి మీద ఆధారపడి ఉన్నవి. కనుక స్థాపన సాధనాన్ని ఏ భాషలో వ్రాయవలె అన్నది నిపుణుల మధ్య వాదం మాత్రమే కాదు. మూడు దశాబ్దాలుగా అనేక బృందాలు ఈ ప్రశ్నకు వేరువేరు సమాధానాలు ఇచ్చినవి. వాటిలో ఏది ఎంతవరకు నిలిచినదో పరిశీలించడం అవసరం.

మూడు రాళ్ల పొయ్యి

ముందుగా స్థాపన సాధనం స్వభావం తెలుసుకోవలె. ఇల్లు కట్టేచోట పనివారు వంట చేసుకోవడం అందరూ చూచినదే. ఇంటిలో వంటగది ఇంకా లేదు. అందుచేత మూడు రాళ్లు పేర్చి, నాలుగు పుల్లలు ఏరి అన్నం వండుకుంటారు. గ్యాసు పొయ్యి ఎంత సుఖమైనదైనా దానికి గొట్టం, సిలిండరు, గట్టు కావలె. అవన్నీ ఇల్లు పూర్తి అయిన తరువాత వచ్చేవి.

స్థాపన సాధనం స్థితి కూడా ఇదే. అది పనిచేసే సమయానికి కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టము లేదు. తనకు కావలసిన ప్రతి పనిముట్టునూ అది తన వెంటనే తెచ్చుకోవలె. పూర్వం ఈ నిబంధన చాలా కఠినంగా ఉండేది. ఫ్లాపీ డిస్కులో పట్టేది 1.44 మెగాబైట్లు మాత్రమే. 1995లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ వారి స్థాపన కోసం ఒక్క ఫ్లాపీలో ఇమిడే విధంగా అనేక చిన్న పనిముట్లను ఒకే ప్రోగ్రాముగా కూర్చినాడు. దానికి బిజీబాక్స్ అని పేరు. అది నేటికీ అనేక చిన్న యంత్రాలలో వాడుకలో ఉన్నది.

యూనిక్స్ వంశానికి చెందిన వ్యవస్థలలో ఆ మూడు రాళ్ల పొయ్యి వంటిది షెల్లు భాష. మనం టైపు చేసే ఆజ్ఞలను గ్రహించి అమలుచేసే ప్రోగ్రామే షెల్లు. ఆ ఆజ్ఞలనే ఒక ఫైలులో వరుసగా వ్రాసిపెట్టితే అది స్క్రిప్టు. బెల్ పరిశోధనాలయంలో స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్లు 1979లో వెలువడినది. 1992లో దానికి పోసిక్స్ అనే ప్రమాణం ఏర్పడినది. 1987లో ల్యారీ వాల్ పెర్ల్ భాషను, 1991లో గీడో వాన్ రోసమ్ పైథాన్ భాషను, 1995లో యుకిహిరో మత్సుమోతో రూబీ భాషను లోకానికి ఇచ్చినారు. షెల్లు కంటె ఇవి ఎన్నో విధాల సుసంపన్నమైనవి. ఐనా వాటిని నడపడానికి వేరే సామగ్రి కావలె. ఉన్న పనిముట్టుతో సరిపెట్టుకోవడమా, మంచి పనిముట్టును మోసుకొని రావడమా అన్నదే అసలు చిక్కు.

నాలుగు బృందాలు, నాలుగు మార్గాలు

డెబియన్ బృందం మొదటి మార్గాన్ని పట్టినది. 2005లో వచ్చిన డెబియన్ 3.1తో వారి నూతన స్థాపన సాధనం వాడుకలోకి వచ్చినది. అందులో బరువైన పనులు సి భాషలోను, పనుల వరుసను నడిపే స్క్రిప్టులు షెల్లులోను ఉన్నవి. తక్కువ స్మృతి గల పాత యంత్రంలో కూడా ఇది నడవగలుగుతున్నదంటే ఈ పొదుపే ముఖ్య కారణం.

రెడ్ హ్యాట్ వారు రెండవ మార్గం పట్టినారు. 1999లో వారు తెచ్చిన స్థాపన సాధనం పైథాన్‌లో వ్రాయబడినది. దీనికి అనకొండ అని పేరుపెట్టినారు. పొరపాటు జరిగినచోట ఆగి కారణం చెప్పడం, పెద్ద ప్రోగ్రామును చక్కగా భాగాలు చేయడం పైథాన్‌లోని సుగుణాలు. దీని వెల కూడా ఉన్నది. సాధనంతోపాటు పైథాన్ యావత్తూ మోయవలె. స్మృతి ఎక్కువ కావలె. పైగా 2008లో వచ్చిన పైథాన్ 3 పాత పైథాన్‌తో పొసగలేదు. 2020 జనవరి 1తో పాత పైథాన్‌కు పోషణ నిలిచిపోయినది. పనిచేస్తున్న ప్రోగ్రామును తిరిగి మార్చుకొనవలసిన శ్రమ అనకొండ కర్తలకు తప్పలేదు. 1979 నాటి షెల్లు ఆజ్ఞలు మాత్రం నేటికీ చాలవరకు యథాతథంగా నడుస్తున్నవి.

సూసే వారి యాస్ట్ సాధనం మూడవ మార్గాన నడిచినది. వారు తమ పని కోసమే ఒక ప్రత్యేక భాషను సృష్టించుకొన్నారు. పనికి అచ్చంగా సరిపోయే భాష ఉండడం మంచిదే కదా అనిపిస్తుంది. కాని ఆ భాష ఆ ఇంటి వెలుపల ఎవరికీ రాదు. కొత్తగా వచ్చి చేయి కలపదలచినవాడు ముందు ఆ భాషను నేర్చుకోవలె. నేర్చినా అది మరెక్కడా పనికిరాదు. చివరకు 2013లో వారు ఆ స్క్రిప్టులన్నింటినీ యంత్రం చేతనే రూబీ భాషలోకి తర్జుమా చేయించినారు. ఒకే కుటుంబం మాట్లాడే భాష ఎంత చక్కనిదైనా ఆ కుటుంబంతోనే ముగుస్తుందని దీనివలన తెలుస్తున్నది.

ఫ్రీబీఎస్‌డీ కథ నాల్గవది. ఆ వ్యవస్థ మూలభాగంలో కొంతకాలం పెర్ల్ భాష చేరి ఉండేది. పెర్ల్ తన దారిన త్వరగా మారుతూ ఉంటే, మూలభాగంలోని ప్రతి వెనుకబడుతూ వచ్చినది. 2002లో పెర్ల్‌ను మూలభాగంనుంచి తొలగించినారు. ఇక వారి స్థాపన సాధనం మొదట సి భాషలో ఉండేది. 2012లో విడుదలైన 9.0లో దాని స్థానంలో షెల్లులో వ్రాసినదాన్ని ప్రవేశపెట్టినారు. యంత్రం మేల్కొనే దశలో వాడే భాగానికి మాత్రం 2018లో, బ్రెజిల్ దేశంలో పుట్టిన లువా అనే చిన్న భాషను ఎన్నుకొన్నారు. చిన్నది కావడమే ఆ భాషకు అర్హత అయినది.

షెల్లు దోషాలు

ఇంతవరకు చదివినవారికి షెల్లే ఉత్తమమని తోచవచ్చు. అట్లా తీర్పు చెప్పడం తొందరపాటు. షెల్లులో రెండు పెద్ద దోషాలు ఉన్నవి.

మొదటిది, మాటకు మాటకు నడుమ ఖాళీని అది గ్రహించే తీరు. ఒక యంత్రానికి రెండు డిస్కులు ఉన్నవనుకుందాము. ఒకదాని పేరు ‘బడి’. రెండవదాని పేరు ‘బడి పాతది’. రెండవ డిస్కులో ఉన్న ఒక పాత ప్రోగ్రామును తుడిచివేయమని స్క్రిప్టులో వ్రాసినారు. పేరుకు రెండు ప్రక్కల ఉద్ధరణ చిహ్నాలు పెట్టడం మరిచిపోయినారు. అప్పుడు షెల్లు ఆ పేరును ఖాళీ దగ్గర రెండు ముక్కలు చేస్తుంది. ‘బడి’ అన్నది ఒక వస్తువు, ‘పాతది’తో మొదలయ్యేది మరొక వస్తువు అనుకొని, మొదటి డిస్కు యావత్తూ తుడిచివేస్తుంది. ఇది కల్పన కాదు. 2001 నవంబరులో ఆపిల్ సంస్థ విడుదల చేసిన ఐట్యూన్స్ 2.0 స్థాపన స్క్రిప్టులో సరిగ్గా ఇట్టి లోపమే ఉండి, కొందరి డిస్కులు తుడిచిపెట్టుకుపోయినవి. సంస్థ వెంటనే సవరించిన ప్రతిని విడుదల చేసినది. లోపించినది రెండు చిన్న చిహ్నాలు మాత్రమే. పైథాన్‌లో పేరు ఒకే వస్తువుగా ఒక చేతినుంచి మరొక చేతికి అందుతుంది. నడుమ ఖాళీ ఉన్నా అది ముక్కలు కాదు.

రెండవది, ఒక ఆజ్ఞ విఫలమైనా షెల్లు మామూలుగా తరువాతి ఆజ్ఞకు సాగిపోతుంది. కొత్త డిస్కులోకి ఫైళ్లు ఎక్కించడం విఫలమైనదనుకోండి. ‘పాత ఫైళ్లను తుడువు’ అన్న తరువాతి ఆజ్ఞ మాత్రం నిరాటంకంగా అమలు జరుగుతుంది. పొరపాటు జరగగానే ఆగమని స్క్రిప్టు ఆరంభంలోనే చెప్పే వీలున్నది. డెబియన్ వారి నియమావళి ఆ జాగ్రత్త తీసుకొమ్మని గట్టిగా చెబుతున్నది. అంటే షెల్లు వాడేవారికి క్రమశిక్షణ భాషవల్ల రాదు, నియమావళివల్ల రావలె.

డెబియన్ వారి సాధనంలోనే ఈ లోపం ఫలితం కనబడుతున్నది. డిస్కును భాగాలుగా చేసే పని షెల్లుకు తగినది కాదు. ఒక డిస్కులో భాగాలు, ఒక్కొక్క భాగంలో ఉపభాగాలు, ఒక్కొక్కదానికి పరిమాణం, రకం, పేరు: ఇట్లా ఆ సమాచారం కొమ్మలు రెమ్మలుగా ఉంటుంది. షెల్లుకు తెలిసినది వట్టి అక్షరాల వరుస మాత్రమే. అందుచేత అక్కడ అనేక చిన్న స్క్రిప్టులను అంకెల వరుసలో పేర్చి, వెనుక సి భాషలోని ఒక ప్రోగ్రాముతో సంప్రదింపజేసినారు. అది పనిచేస్తున్నది, కాని చదివి గ్రహించడం కష్టం. సాధనంలో అన్నిటికన్న ప్రమాదకరమైన భాగం అన్నిటికన్న దుర్బోధంగా ఉండడం మెచ్చదగినది కాదు. డిస్కు విభాగాల విషయంలో అనకొండ మార్గమే మేలు అని ఒప్పుకోవలె.

అయితే భాష మంచిదైనంత మాత్రాన పని సులువు కాదు. ఫెడోరా 18 అనే విడుదల 2012 నవంబరులో రావలసి ఉండగా 2013 జనవరికి గాని రాలేదు. అనకొండ తెరలను కొత్తగా తీర్చడంలో జరిగిన ఆలస్యం దానికి ముఖ్య కారణం. భాష మాత్రం అదే పైథాన్.

ప్రమాణ భాష, మాండలికం

షెల్లులో కూడ మాండలికాలు ఉన్నవి. బ్యాష్ అనే షెల్లు పోసిక్స్ ప్రమాణానికి మించి అనేక సదుపాయాలు కలిగినది. లినక్సు స్క్రిప్టులు వ్రాసేవారు తెలియకుండానే ఆ సదుపాయాలకు అలవాటుపడినారు. ఉబుంటు 2006లోను, డెబియన్ 2011లోను సిస్టము స్క్రిప్టులను నడపడానికి బ్యాష్‌కు బదులు డాష్ అనే చిన్న షెల్లును నియమించినప్పుడు ఆ స్క్రిప్టులు కొన్ని తప్పటడుగు వేసినవి. ఎర్రుపాలెంలో చెల్లే పలుకు శ్రీకాకుళంలో అర్థం కాకపోవచ్చు. అందుకే పాఠ్యపుస్తకం అందరికీ తెలిసిన భాషలో ఉండవలెనంటాము. స్థాపన స్క్రిప్టు కూడ పాఠ్యపుస్తకం వంటిదే. ఏ యంత్రంలో, ఏ షెల్లు చేతిలో పడుతుందో వ్రాసేవారికి తెలియదు. అందుచేత ప్రమాణ రూపంలోనే వ్రాయడం ధర్మం.

తెలుగు తెర మీదికి వచ్చిన విధం

ఇక మన ఉపాధ్యాయుని మొదటి సందేహానికి వద్దాము. ఆ ప్రశ్న తెలుగులో కనబడుతుందా?

తెలుగు లిపికి 1991 నుంచి యూనికోడ్‌లో స్థానం ఉన్నది. ‘తెలుగు’ అన్న మాటలో మనకు అక్షరాలు మూడు. యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం కలిసి ఆరు సంకేతాలు. వాటిని యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైలులో వ్రాస్తే ఒక్కొక్కదానికి మూడు బైట్ల వంతున పదునెనిమిది బైట్లు. ఇప్పుడు ‘ఈ మాట పొడవెంత?’ అని అడిగితే, నేటి పైథాన్ 6 అంటుంది. బైట్లను మాత్రమే లెక్కించే చిన్న షెల్లు 18 అంటుంది. మనం కోరే 3 అన్న సమాధానం దేని నోటా రాదు. పొడవు లెక్క తప్పితే తెర మీద గడిలో మాట ఇమడదు. వాక్యం నడిమధ్య విరిగిపోతుంది.

దీనికి తోడు మరొక అడ్డంకి ఉన్నది. లినక్సు సాధారణ అక్షర తెర మీద ఒకేసారి 512 రూపాలకు మించి చూపడానికి వీలులేదు. ఇంగ్లీషుకు అది ఎక్కువే. తెలుగులో హల్లులు, గుణింతాలు, ఒత్తులు కలిసి ఏర్పరచే రూపాలకు అది చాలదు. సరే, చాలినదే అనుకొన్నా, ‘స్త్రీ’ అన్న అక్షరంలో ఒత్తులను క్రిందికి చేర్చి, గుడిదీర్ఘాన్ని పైకెక్కించే నేర్పు ఆ తెరకు లేదు. అందుచేత డెబియన్ స్థాపన సాధనం 2007లో వచ్చిన 4.0తో చిత్రరూప తెరను సమకూర్చుకొన్న తరువాతనే ఇట్టి లిపులకు ద్వారం తెరుచుకొన్నది. నేటికీ ఆ సాధనంలో తెలుగు కావలెనంటే చిత్రరూప తెరనే ఎన్నుకోవలె.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. తెలుగు వచ్చినప్పుడు షెల్లు స్క్రిప్టులను తిరిగి వ్రాయవలసిన పని లేకపోయినది. ఏలననగా డెబియన్ స్క్రిప్టు తెరతో స్వయంగా మాట్లాడదు. డెబ్‌కాన్ఫ్ అనే మధ్యవర్తి ఉన్నది. ‘ఫలానా ప్రశ్నను అడుగు’, ‘జవాబు తెచ్చి ఇయ్యి’ అని స్క్రిప్టు చిన్న చిన్న మాటలలో మధ్యవర్తికి చెబుతుంది. ప్రశ్న పాఠం వేరే ఫైలులో ఉంటుంది. దాని అనువాదాలు ఇంకొక చోట ఉంటవి. తెలుగు పాఠాన్ని మధ్యవర్తి తెచ్చుకొంటుంది. దాన్ని గీసే భారం చిత్రరూప తెరది. స్క్రిప్టుకు తెలుగు రాకపోయినా లోటు లేదు. ఈ మధ్యవర్తి పని కూడా సంస్థాపిత వ్యవస్థలో పెర్ల్‌లోను, స్థాపన సాధనంలో స్థలం పొదుపు కోసం సి భాషలోను వ్రాయబడినది. రెండూ ఒకే పలుకుబడిని పాటిస్తున్నవి కనుక స్క్రిప్టుకు ఆ భేదం తెలియదు.

కనుక ఈ చర్చలో అందరూ అడిగే ప్రశ్న సగమే సరియైనది. ‘ఏ భాషలో వ్రాయవలె?’ అన్నదానికంటె ‘పని చేసేవానికి, మాట్లాడేవానికి నడుమ గోడ ఎక్కడ కట్టవలె?’ అన్నది ముఖ్యం. గోడ సరియైన చోట ఉంటే ఒక ప్రక్క భాషను మార్చినా రెండవ ప్రక్కకు నష్టం లేదు. ఉబుంటు వారు 2006లో పైథాన్‌తో వేరొక తెరను నిర్మించినప్పుడు కూడ వెనుక డెబియన్ స్క్రిప్టులనే చాలవరకు వాడుకోగలిగినారంటే ఈ గోడ మహిమే.

మనవారి ప్రయత్నాలు

తెలుగులో కంప్యూటరు వ్యవస్థను తేవాలనే సంకల్పంతో హైదరాబాదులో 2005లో ఆరంభమైన స్వేచ్ఛ బృందం డెబియన్‌ను పునాదిగా తీసుకొన్నది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చెన్నై శాఖ 2007లో విడుదల చేసిన బాస్, అనగా భారత్ ఆపరేటింగ్ సిస్టం సొల్యూషన్స్, కూడ డెబియన్ మీద నిలిచినదే. ఈ ఎన్నిక వివేకవంతమైనది. కొద్దిమంది కార్యకర్తలు కొత్త సాధనాన్ని మొదటినుంచి వ్రాయబూనితే యాస్ట్ భాషకు పట్టిన గతే పట్టేది. పదిమంది పోషించే సాధనంలో తమ భాషను చేర్చడమే దీర్ఘకాలం నిలిచే పని.

అయితే అనువాదం అన్నది మాటకు మాట మార్చడం కాదు. డిస్కులో పార్టిషన్ అన్నదాన్ని ‘విభజన’ అని వ్రాస్తే, 2014 తరువాత తెలుగువారికి ఆ మాట వినగానే స్ఫురించేది వేరు. ‘భాగం’ అంటే పిల్లవానికి కూడ తెలుస్తుంది. మౌంటు చేయడాన్ని ‘ఆరోహణ’ అంటే డిస్కు కొండ ఎక్కుతున్నట్లు ఉంటుంది; ‘తగిలించు’ అంటే చాలు. తుడిచివేసే ప్రశ్న దగ్గర ఈ జాగ్రత్త మరీ అవసరం. ఉపాధ్యాయుడు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివినా అర్థం కాకపోతే, విసిగి ‘అవును’ అని నొక్కుతాడు. అప్పుడు స్క్రిప్టు పైథాన్‌లో ఉన్నా, షెల్లులో ఉన్నా మార్కుల పట్టికలు తిరిగి రావు.

తీర్పు

ఈ పరిశీలన వలన తేలిన విషయాలు ఇవి. పనుల వరుసను నడపడానికి ప్రమాణ రూపంలోని షెల్లు చాలును. అది ఎక్కడైనా ఉంటుంది, నిదానంగా మారుతుంది. డిస్కు భాగాల వంటి చిక్కు సమాచారాన్ని పైథాన్ వంటి భాషకు అప్పగించడం క్షేమం. దానికయ్యే స్మృతి ఖర్చు నేటి యంత్రాలు భరించగలవు. సొంతభాష సృష్టించుకోవడం వ్యర్థప్రయాస. తెర మీది పాఠాన్ని స్క్రిప్టునుంచి వేరుచేయడం మాత్రం అన్నిటికంటె ముందు జరగవలసిన పని.

ఈ విషయాలను వట్టి మాటగా నమ్మనక్కరలేదు. డెబియన్ గాని, దానినుంచి పుట్టిన మరొక వ్యవస్థ గాని ఉన్న కంప్యూటరులో వార్, లిబ్, డీపీకేజీ, ఇన్ఫో అనే అరలను వరుసగా తెరిస్తే స్థాపన స్క్రిప్టులు మామూలు ఫైళ్లుగానే కనబడుతవి. చదవడానికి మాత్రమే తెరిస్తే ఏ అపాయమూ లేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి వాటిలో ఒకదాన్ని తెరిచి, పొరపాటు జరిగితే ఆగమనే ఆజ్ఞ ఆరంభంలో ఉన్నదా, పేర్లకు రెండు ప్రక్కల ఉద్ధరణ చిహ్నాలు ఉన్నవా అని వెదకవచ్చు. తన పేరు పొడవు ఎంతో పైథాన్‌ను అడిగి, ఆ పేరునే ఒక ఫైలులో వ్రాసి దాని బైట్లు లెక్కించి, రెండు సమాధానాలూ ఎందుకు కలవలేదో మాస్టారిని అడగవచ్చు. ఆ మాస్టారు రేపు పాత యంత్రం ముందు కూర్చున్నప్పుడు, తుడిచివేసే ప్రశ్నకు జవాబు చెప్పే ముందు పట్టికలను మరొక చోట దాచుకొంటాడు.